టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను గుర్తించే పరిశోధన యాంటీబాడీలు: వాడకం, నిల్వ

శరీరంలోకి సూక్ష్మజీవి చొరబడినప్పుడు, కణజాలం దెబ్బతిన్నప్పుడు రోగనిరోధక కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి రూపంలో బయటపడే శోథను రగిలించేవి వాటిలో కొన్ని. వాటిలో ముందుగా రంగంలోకి దిగేది ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్-ఆల్ఫా, క్లుప్తంగా టీఎన్‌ఎఫ్-ఆల్ఫా. రక్తంలో, కణాల్లో, కణజాలపు కోతల్లో దాని జాడ పట్టడానికి ప్రయోగశాలలు వాడే సాధనాలే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా యాంటీబాడీలు. ఇవి రోగికి ఎక్కించే మందులు కావు, రోగ నిర్ధారణకు అనుమతి పొందిన కిట్లూ కావు. ‘పరిశోధనకు మాత్రమే’ అన్న మాట సీసా మీదే ముద్రించి ఉంటుంది.

పత్తి పండించి, పత్తి ఏరి, పత్తి దుమ్ము పీల్చి బతికే పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు, దేవనకొండ ప్రాంతానికి ఈ విషయం దూరమైనది కాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో రేపే శోథలో టీఎన్‌ఎఫ్-ఆల్ఫాకు ముఖ్యమైన పాత్ర ఉంది. దాన్ని కొలవాలంటే మంచి యాంటీబాడీ కొంటే చాలదు. నెత్తురు తీసిన క్షణం నుంచి ప్లేటు చదివే క్షణం దాకా పాటించిన శ్రద్ధ అంతా చివరి అంకెలో కలిసి ఉంటుంది. నిల్వ, వాడకం కొలతకు ముందు చేసే చిల్లర పనులు కావు, కొలతలో భాగాలు.

టీఎన్‌ఎఫ్-ఆల్ఫా స్వరూపం

మనిషిలో ఈ ప్రోటీన్ జన్యువు ఆరో క్రోమోజోము మీద ఉంది. మాక్రోఫేజ్ కణాలు దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. టీ కణాలు, సహజ హంతక కణాలు, మాస్ట్ కణాలు కూడా విడుదల చేస్తాయి. మొదట 233 అమైనో ఆమ్లాల పొడవుతో, 26 కిలోడాల్టన్ల బరువుతో కణపు పొరకు అతుక్కొని ఉంటుంది. టేస్ అనే ఎంజైము దాన్ని తెగ్గొడితే 157 అమైనో ఆమ్లాల, 17 కిలోడాల్టన్ల ముక్క బయట పడుతుంది. అలాంటివి మూడు కలిసి త్రికంగా ఏర్పడ్డాకే అది పనిచేస్తుంది. దాదాపు అన్ని కణాల మీదా ఉండే మొదటి రకం గ్రాహకానికి, ఎక్కువగా రోగనిరోధక కణాల మీదా రక్తనాళాల లోపలి పొర మీదా ఉండే రెండో రకం గ్రాహకానికి అతుక్కొని కబురు అందిస్తుంది.

తగు మోతాదులో ఇది ప్రాణరక్షకం. క్షయ క్రిమి చుట్టూ రోగనిరోధక కణాలు కట్టే గోడ నిలబడి ఉండేది దీని వల్లే. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు వాడినవారిలో నిద్రాణంగా ఉన్న క్షయ మళ్లీ లేచినట్టు 2001లో బయటపడింది. అప్పటి నుంచి ఆ మందు మొదలుపెట్టే ముందు క్షయ పరీక్ష చేయించడం వైద్యంలో నియమమైంది. అదుపు తప్పితే మాత్రం ఇదే ప్రోటీన్ కీళ్లను తినేస్తుంది, కండను కరిగిస్తుంది, రక్తపోటును పడగొట్టి ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ నిర్మాణం తెలియకుండా యాంటీబాడీని ఎంచుకోలేం. త్రికం ఆకారాన్ని గుర్తుపట్టే యాంటీబాడీ, ప్రోటీన్‌ను విప్పదీసి పరుగెత్తించే వెస్టర్న్ బ్లాట్‌లో పనిచేయకపోవచ్చు. విడిపోయిన గొలుసును గుర్తుపట్టేది సహజరూపంలో ఉన్న ప్రోటీన్‌ను పట్టలేకపోవచ్చు.

చరిత్ర

1975 ఈ రంగానికి రెండు విధాల పుట్టిన సంవత్సరం. ఆ ఏడాది న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం, బీసీజీ ఇచ్చి ఆ తర్వాత బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఎక్కించిన ఎలుకల సీరంలో కణితులను చంపే పదార్థం ఉందని చూపి దానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ హైబ్రిడోమా పద్ధతిని ప్రకటించారు. ఒకే లక్ష్యాన్ని, అందులోనూ ఒకే చోటును గుర్తించే మోనోక్లోనల్ యాంటీబాడీలను కావలసినంత తయారుచేసుకునే దారి దాంతో తెరుచుకుంది. ఆ కృషికి వారిద్దరూ నీల్స్ జెర్నేతో కలిసి 1984లో నోబెల్ అందుకున్నారు. యాంటీబాడీతో కొలిచే ఎలీసా పద్ధతి అప్పటికే ఉంది. ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్ 1971లో స్టాక్‌హోమ్‌లో దాన్ని ప్రకటించారు.

1984లో మానవ టీఎన్‌ఎఫ్ జన్యువును క్లోన్ చేశారు. 1985లో బ్రూస్ బ్యూట్లర్, ఆంథొనీ సెరామీ కండ కరిగించే కాకెక్టిన్, టీఎన్‌ఎఫ్ ఒకటేనని తేల్చారు. ఈ ప్రోటీన్‌కు వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీలను ముందుగా ఇస్తే, ప్రాణాంతక మోతాదులో ఎండోటాక్సిన్ ఎక్కించినా ఎలుకలకు రక్షణ దొరుకుతుందని అదే ఏడాది చూపించారు. జాడ పట్టే సాధనమే అడ్డుకునే ఆయుధం కూడా కాగలదని ఆ ప్రయోగం నిరూపించింది. 1990ల మొదట్లో లండన్ కెనడీ సంస్థలో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ కీళ్లవాత రోగులకు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే యాంటీబాడీ ఇచ్చి ఉపశమనం సాధించారు. ప్రయోగశాల బల్ల మీద పుట్టిన పరిశీలన లక్షల మందికి మందైంది.

యాంటీబాడీల రకాలు

పాలీక్లోనల్: కుందేలుకో మేకకో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా ఎక్కించి, దాని సీరం నుంచి తీసేవి. ప్రోటీన్‌లోని అనేక చోట్లను ఒకేసారి పట్టుకుంటాయి కాబట్టి సంకేతం బలంగా ఉంటుంది. అయితే జంతువు మారినా, విడత మారినా గుణం మారిపోతుంది.

మోనోక్లోనల్: ఒకే కణవంశం నుంచి వచ్చేవి. ప్రతి దానికీ క్లోన్ పేరు ఉంటుంది. మానవ టీఎన్‌ఎఫ్-ఆల్ఫాకు మ్యాబ్1, మ్యాబ్11 అనే జత ఎలీసాలో బాగా వాడుకలో ఉంది. మొదటిది ప్రోటీన్‌ను పట్టి ఉంచుతుంది, రెండోది పట్టుబడ్డదాన్ని చూపిస్తుంది. ఎలుక టీఎన్‌ఎఫ్‌కు ఎంపీ6-ఎక్స్‌టీ22 అనే క్లోన్ ప్రసిద్ధం.

రీకాంబినెంట్: యాంటీబాడీ జన్యు క్రమాన్ని చదివి భద్రపరచి, కణాల్లో తయారుచేయించేవి. క్రమం చేతిలో ఉన్నంతకాలం అదే యాంటీబాడీని మళ్లీ మళ్లీ తీయవచ్చు. జంతువు అవసరం తగ్గుతుంది, విడతల మధ్య తేడా తగ్గుతుంది.

కొన్నిటికి ఏ తొడుగూ ఉండదు. మరికొన్నిటికి బయోటిన్, హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ ఎంజైము, లేదా మెరిసే రంగు అతికించి ఉంటుంది. ఏది అతికించారన్న దాన్ని బట్టి నిల్వ నియమం మారుతుంది.

జాతి భేదాన్ని కూడా మరవకూడదు. మనిషి, ఎలుక టీఎన్‌ఎఫ్‌ల మధ్య దాదాపు 80 శాతం పోలిక ఉన్నా, ఒకదాన్ని పట్టే యాంటీబాడీ రెండోదాన్ని పడుతుందన్న హామీ లేదు. కీళ్లవాతానికి వాడే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎలుక టీఎన్‌ఎఫ్‌ను అసలు పట్టదు.

వాడే పద్ధతులు

శాండ్‌విచ్ ఎలీసా: ద్రవంలో ఎంత టీఎన్‌ఎఫ్ ఉందో చెప్పే పద్ధతుల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది. 96 గుంతల ప్లాస్టిక్ ప్లేటుకు పట్టే యాంటీబాడీని రాత్రంతా 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అంటించి, ఖాళీ చోట్లను బీఎస్‌ఏ వంటి ప్రోటీన్‌తో కప్పేస్తారు. తర్వాత తెలిసిన మోతాదుల ప్రమాణ ద్రావణాలు, నమూనాలు వేస్తారు. ఆపైన బయోటిన్ అతికిన రెండో యాంటీబాడీ, స్ట్రెప్టావిడిన్-పెరాక్సిడేజ్, చివరకు టీఎంబీ అనే రంగు ద్రావణం. నీలం రంగు తేలాక ఆమ్లం పోస్తే పసుపుగా మారుతుంది. దాన్ని 450 నానోమీటర్ల వద్ద చదువుతారు. ప్రతి దశ తర్వాత ట్వీన్-20 కలిపిన బఫర్‌తో కడగాలి. కడగడంలో తేడా వస్తే పక్కపక్క గుంతల్లోనే అంకెలు పొంతన లేకుండా వస్తాయి. టీఎన్‌ఎఫ్ మరీ ఎక్కువైనా సంకేతం పడిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి అనుమానమున్న నమూనాను రెండు మూడు పలుచని స్థాయిల్లో పరీక్షించాలి.

ఎలీస్పాట్: టీఎన్‌ఎఫ్ విడుదల చేస్తున్న కణాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తుంది. పొర మీద పడే ఒక్కో చుక్క ఒక్కో కణానికి గుర్తు.

కణాంతర రంజనం: ఏ రకం కణం టీఎన్‌ఎఫ్ చేస్తోందో ఫ్లో సైటోమీటర్ మీద చూపుతుంది. ప్రోటీన్ తయారైన వెంటనే బయటికి వెళ్లిపోతుంది కాబట్టి, బ్రెఫెల్డిన్-ఎ లేదా మోనెన్సిన్ కలిపి నాలుగు నుంచి ఆరు గంటల పాటు దాన్ని లోపలే ఆపాలి. తర్వాత పారాఫార్మాల్డిహైడ్‌తో కణాలను స్థిరపరచి, సాపోనిన్‌తో పొరకు రంధ్రాలు చేసి యాంటీబాడీని లోపలికి పంపాలి. సాపోనిన్ చేసే రంధ్రాలు తాత్కాలికం. అందుకే కడిగే ద్రావణంలోనూ అది ఉండాలి.

వెస్టర్న్ బ్లాట్, కణజాల రంజనం: బ్లాట్‌లో 17, 26 కిలోడాల్టన్ల పట్టీలు కనిపించాలి. కణజాలపు కోతల్లో ఫార్మలిన్ మూసేసిన చోట్లను వేడితో తెరిచాకే యాంటీబాడీ అతుక్కుంటుంది.

న్యూట్రలైజేషన్: టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకుంటే ఏమవుతుందో కణాల్లోనో జంతువులోనో చూడడం. దీనికి వాడే యాంటీబాడీలో సోడియం అజైడ్ ఉండకూడదు, ఎండోటాక్సిన్ అతి తక్కువగా ఉండాలి. అజైడ్ కణాలను చంపుతుంది. ఎండోటాక్సిన్ అయితే మనం ఆపాలనుకున్న టీఎన్‌ఎఫ్‌నే పుట్టిస్తుంది.

నమూనా సేకరణ

యాంటీబాడీ ఎంత మంచిదైనా, పాడైన నమూనా నుంచి నిజం రాబట్టలేదు. ఆరోగ్యవంతుల సీరంలో టీఎన్‌ఎఫ్ మిల్లీలీటరుకు కొద్ది పికోగ్రాముల స్థాయిలోనే ఉంటుంది. రక్తంలో దాని ఆయుష్షు నిమిషాల్లోనే తీరిపోతుంది. వాలంటీర్లకు స్వల్పంగా ఎండోటాక్సిన్ ఇచ్చిన ప్రయోగాల్లో టీఎన్‌ఎఫ్ దాదాపు గంటన్నరకు శిఖరానికి చేరి, తర్వాత వేగంగా పడిపోయింది. కాబట్టి రక్తం ఏ సమయంలో తీశారో రాసిపెట్టని నమూనాకు విలువ తక్కువ.

తీసిన రక్తాన్ని గొట్టంలో అలాగే ఉంచితే తెల్ల కణాలు గొట్టంలోనే టీఎన్‌ఎఫ్ విడుదల చేయగలవు. గొట్టానికి ఎండోటాక్సిన్ అంటి ఉంటే మరీ. అందుకే వీలైనంత త్వరగా సీరం లేదా ప్లాస్మాను వేరుచేసి, చిన్న చిన్న గొట్టాల్లో పంచి, మైనస్ 80 డిగ్రీల వద్ద దాచాలి. ఒక అధ్యయనంలో కొందరిది సీరం, కొందరిది ఈడీటీఏ ప్లాస్మా తీసుకుని కలిపి పోల్చకూడదు.

నిల్వ నియమాలు

ఐజీజీ రకం యాంటీబాడీ స్వతహాగా గట్టి అణువు. కొద్ది రోజులు గది ఉష్ణోగ్రతలో ఉన్నంత మాత్రాన చాలావరకు పాడైపోదు. దాన్ని నిజంగా దెబ్బతీసేవి పదేపదే గడ్డకట్టి కరగడం, సూక్ష్మజీవులు చేరడం, మరీ పలుచన చేసి నిల్వ ఉంచడం, వెలుతురు.

ద్రవరూపంలో, అజైడ్‌తో వచ్చిన యాంటీబాడీని తయారీదారు వేరుగా చెప్పకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, తలుపులో కాకుండా లోపలి అరలో ఉంచాలి. తలుపు తెరిచినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది.

పొడిరూపంలో వచ్చినదాన్ని సాధారణంగా మైనస్ 20 వద్ద దాస్తారు. తెరిచే ముందు సీసా గది ఉష్ణోగ్రతకు రావాలి, లేకపోతే గాలిలోని తేమ లోపల చేరుతుంది. చెప్పిన పరిమాణంలో శుద్ధమైన బఫర్ పోసి, గిలకొట్టకుండా నెమ్మదిగా తిప్పి కరిగించాలి. నురగ వస్తే ప్రోటీన్ ఆకారం చెడుతుంది.

గడ్డకట్టించి దాచేట్టయితే ఒక్కసారి వాడకానికి సరిపడేలా పంచాలి. గొట్టానికి 10 మైక్రోలీటర్ల కంటే తక్కువ పోస్తే ఆవిరై, గోడలకు అంటుకుని చాలా భాగం పోతుంది. మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లో ఉన్న గాఢ ద్రావణం నిలుస్తుంది. పలుచని ద్రావణానికి బీఎస్‌ఏ వంటి తోడు ప్రోటీన్ కావాలి. సగానికి సగం గ్లిసరాల్ కలిపితే మైనస్ 20 వద్ద కూడా గడ్డకట్టదు, కాబట్టి గడ్డకట్టి కరిగే బాధ తప్పుతుంది.

గడ్డకట్టడం ఎందుకు చెరుపు? మంచు స్ఫటికాలు పెరిగేకొద్దీ ఉప్పు, ప్రోటీన్ మిగిలిన కొద్దిపాటి నీటిలో ఇరుక్కుంటాయి. సోడియం ఫాస్ఫేట్ బఫర్‌లో ఒక లవణం ముందుగా స్ఫటికమై ఆమ్లగుణం పెరిగిపోతుంది. యాంటీబాడీలు మడత విప్పుకొని ఒకదానికొకటి అతుక్కుంటాయి. విరిగిన పాలు మళ్లీ పాలు కానట్టే, ముద్దకట్టిన యాంటీబాడీ మళ్లీ పనికొచ్చే యాంటీబాడీ కాదు. మంచు పేరుకోకుండా తనంతట తాను వేడెక్కి చల్లబడే ఫ్రీజర్లు ఇళ్లలో సౌకర్యమే కానీ, ప్రయోగశాలలో యాంటీబాడీలకు శత్రువులు.

మెరిసే రంగు అతికించినవాటిని ఎప్పుడూ గడ్డకట్టించకూడదు. ముదురు రంగు సీసాలో లేదా రేకు చుట్టి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య చీకట్లో ఉంచాలి. రెండు రంగులను జతచేసిన టాండెమ్ రంగులు వెలుతురుకు విడిపోయి ఒక రంగు బదులు ఇంకో రంగు వెలుగు ఇస్తాయి. అప్పుడు లేని కణం ఉన్నట్టు కనిపిస్తుంది. పెరాక్సిడేజ్ అతికినవాటికి అజైడ్ పనికిరాదు, ఆ ఎంజైమును అది మూసేస్తుంది. ఎలీసా చివరి దశల్లో కడిగే బఫర్‌లోనూ అజైడ్ ఉండకూడదు.

వాడే రోజున సీసాను కొద్ది క్షణాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మూతకు అంటిన ద్రవం కిందికి దిగుతుంది, ముద్దలు అడుగుకు చేరుతాయి. పనికి పలుచన చేసిన ద్రావణాన్ని అదే రోజు వాడేసి, మిగిలింది పారేయాలి. ప్రతి గొట్టం మీద యాంటీబాడీ పేరు, క్లోన్, లాట్ సంఖ్య, గాఢత, తేదీ ఉండాలి. చేతిరాత చెరిగిపోని పెన్నుతో రాయాలి.

నమ్మదగినదేనా అన్న పరీక్ష

సీసా మీద టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అని రాసి ఉన్నంత మాత్రాన లోపలి యాంటీబాడీ దాన్నే పడుతుందని నమ్మేయకూడదు. పరిశోధనల్లో వాడే యాంటీబాడీలకు ప్రమాణాలు కావాలని 2015లో ఆండ్రూ బ్రాడ్‌బరీ, ఆండ్రియాస్ ప్లుక్‌తున్ నేచర్ పత్రికలో గట్టిగా అడిగారు. వందమందికి పైగా శాస్త్రవేత్తలు వారితో గొంతు కలిపారు. మరుసటి ఏడాది ఒక అంతర్జాతీయ కార్యవర్గం ఐదు మార్గాలు సూచించింది: జన్యువును తీసేసిన కణంలో సంకేతం మాయమవుతుందా, యాంటీబాడీతో సంబంధం లేని వేరే పద్ధతి అదే చెబుతుందా, వేరే చోటును పట్టే మరో యాంటీబాడీ ఒప్పుకుంటుందా, గుర్తు అతికించిన ప్రోటీన్‌తో సరిపోతుందా, పట్టుబడిన ప్రోటీన్ ఏదో మాస్ స్పెక్ట్రోమీటర్ తేలుస్తుందా. ఐదూ ప్రతి ప్రయోగశాలకు సాధ్యం కావు. ఒకటి రెండైనా చేయాలి.

రోజువారీ పనిలో కావలసిన తోడు పరీక్షలు సులువైనవే. ఎండోటాక్సిన్‌తో రెచ్చగొట్టిన మానవ రక్తకణాలు లేదా టీహెచ్‌పీ-1 కణాలు ‘ఉంది’ అనడానికి, రెచ్చగొట్టనివి ‘లేదు’ అనడానికి. అదే తరగతికి చెందిన, ఏ లక్ష్యమూ లేని ఐసోటైప్ యాంటీబాడీ ఊరికే అతుక్కోవడాన్ని పసిగట్టడానికి. ముందే శుద్ధ టీఎన్‌ఎఫ్‌తో నింపేసిన యాంటీబాడీ సంకేతం పోగొట్టుకుంటే అది పట్టేది టీఎన్‌ఎఫ్‌నే అనడానికి బలం. దగ్గరి బంధువైన లింఫోటాక్సిన్‌ను పట్టడం లేదని కూడా చూసుకోవాలి. లాట్ మారినప్పుడల్లా పాత, కొత్త లాట్‌లను పక్కపక్కన నడిపి చూడాలి.

రోగి రక్తంలోనూ ఉచ్చులు ఉంటాయి. కీళ్లవాత రోగుల్లో ఉండే రుమటాయిడ్ ఫ్యాక్టర్, ఎలీసాలోని రెండు యాంటీబాడీలనూ కలిపి పట్టుకొని లేని టీఎన్‌ఎఫ్‌ను ఉన్నట్టు చూపగలదు. రక్తంలో తేలే టీఎన్‌ఎఫ్ గ్రాహకాలు ఉన్నదాన్ని కప్పేయగలవు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందు వాడుతున్న రోగి నమూనాను మామూలు కిట్‌తో కొలిస్తే అర్థం లేని అంకె వస్తుంది. ఈ వివరాలు అడిగి రాసుకోవడం ప్రయోగంలో మొదటి పని.

తెలుగు నేల నుంచి వెళ్లిన పరిశోధన

ఈ యాంటీబాడీలు ఎంత దూరం తీసుకెళ్లగలవో చూపిన పరిశోధకుల్లో కన్నెగంటి తిరుమలదేవి ఒకరు. కొత్తగూడెంలో పెరిగి, కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి బీఎస్సీ, ఉస్మానియా నుంచి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ పొందారు. మొక్కల రోగాలపై మొదలైన ఆమె పరిశోధన అమెరికాలో జంతువుల సహజ రోగనిరోధకత వైపు మళ్లింది. 2006లో మిషిగన్‌లో గాబ్రియెల్ న్యూనెజ్ బృందంతో కలిసి, బ్యాక్టీరియా ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి శోథను రగిలించే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 పాత్రను నేచర్ పత్రికలో వెల్లడించారు. 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో సొంత ప్రయోగశాల నడుపుతున్నారు.

కొవిడ్ కాలంలో ఆమె బృందం వేసుకున్న ప్రశ్న నేరుగా ఈ వ్యాసానికి సంబంధించినది: తీవ్రంగా జబ్బుపడినవారిలో పొంగే అనేక సైటోకైన్లలో ప్రాణం తీసేది ఏది? విడివిడిగా ఏదీ అంత నష్టం చేయలేదు. టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ఫెరాన్-గామా కలిసినప్పుడే మాక్రోఫేజ్ కణాలు పెద్ద ఎత్తున చనిపోయాయి. ఈ రెండింటినీ అడ్డుకునే యాంటీబాడీలు ఇస్తే, సార్స్-కోవ్-2 సోకిన ఎలుకల్లోనూ, సెప్సిస్ వంటి స్థితుల్లోనూ మరణాలు తగ్గాయి. 2021 జనవరిలో సెల్ పత్రికలో వచ్చిన ఈ ఫలితం, సరిగా ఎంచుకున్న యాంటీబాడీ జతకు ఉన్న శక్తికి నిదర్శనం.

ఇటు హైదరాబాదు చెర్లపల్లిలోని లెప్రా సంస్థ బ్లూపీటర్ పరిశోధన కేంద్రం కుష్ఠు, క్షయ వ్యాధుల్లో రోగనిరోధక స్పందనలపై పనిచేస్తూ వచ్చింది. కుష్ఠు చికిత్స మధ్యలో ఒళ్లంతా ఎర్రని గడ్డలు, జ్వరం తెచ్చే ఈఎన్ఎల్ అనే స్పందనలో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా పాత్ర పేరెన్నికగన్నది. ఆ స్పందనను అణచే థాలిడొమైడ్, మోనోసైట్ కణాల నుంచి టీఎన్‌ఎఫ్ తయారీని తగ్గిస్తుందని వేరే పరిశోధకులు 1991లో చూపించారు.

భద్రత, నీతి

సోడియం అజైడ్ విషం. అది సీసం, రాగి గొట్టాల్లో పేరుకుంటే పేలే లవణాలుగా మారుతుంది. కాబట్టి సింకులో పోయకూడదు, రసాయన వ్యర్థంగా వేరుచేయాలి. మానవ రక్తాన్ని, అందులో రోగక్రిములు ఉన్నాయన్న జాగ్రత్తతోనే పట్టుకోవాలి. మనుషుల నుంచి నమూనా తీయాలంటే సంస్థ నైతిక సంఘం అనుమతి, దాత సమ్మతి తప్పనిసరి. 2017 నాటి ఐసీఎంఆర్ జాతీయ మార్గదర్శకాలు ఇందుకు ఆధారం. సమ్మతి పత్రం దాతకు తెలిసిన భాషలో ఉండాలి, చదువు రానివారికి చదివి వినిపించాలి. జంతువుల విషయంలో, కుదిరిన చోటల్లా రీకాంబినెంట్ యాంటీబాడీలను ఎంచుకోవాలన్న అభిప్రాయం ప్రపంచమంతా బలపడుతోంది.

పశ్చిమ కర్నూలు సందర్భం

ఆదోని ఆంధ్రప్రదేశ్‌లోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు, నూనె మిల్లులు చుట్టుపక్కల మండలాల కూలీలకు పని ఇస్తాయి. ఎమ్మిగనూరు నేత పట్టణం. దేవనకొండ వైపు వర్షాధార పొలాల్లోనూ పత్తి పండుతుంది. పత్తితో పాటు మిల్లులోకి వచ్చే ఎండు ఆకుల నలుసుల మీద గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా ఉంటుంది. దాని ఎండోటాక్సిన్ దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. అక్కడి మాక్రోఫేజ్‌లు దాన్ని టీఎల్‌ఆర్4 గ్రాహకంతో పసిగట్టి టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-1, ఐఎల్-6 అనే సైటోకైన్లను విడుదల చేస్తాయి. సెలవు తర్వాత పనిలోకి వచ్చిన మొదటి రోజున ఛాతీ బిగుసుకుపోవడం బిసినోసిస్ అనే జబ్బు తొలి గుర్తు. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలు దీన్ని తప్పక తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల్లో చేర్చింది.

పనికి ముందు, పని తర్వాత ఊపిరి బలాన్ని కొలవడంతో పాటు రక్తంలో, కఫంలో టీఎన్‌ఎఫ్-ఆల్ఫాను చూడడం ఈ శోథను అర్థం చేసుకునే మార్గాల్లో ఒకటి. ఇది ఒక్క మనిషి జబ్బును తేల్చే పరీక్ష కాదు, గుంపుల మధ్య తేడాను చూపే పరిశోధన. మిల్లులో నమూనా తీసేవారు మరింత జాగ్రత్తపడాలి. ఊపిరిలో శోథ రేపే ఎండోటాక్సిన్ అక్కడి గాలిలోనే ఉంది, మూత తెరిచిన గొట్టంలోకీ అది చేరగలదు. దుమ్ములేని గదిలో, ఎండోటాక్సిన్ లేని మూసిన గొట్టాల్లో రక్తం తీయాలి.

ఇక్కడి ఎండ మరో పరీక్ష. కిట్ పత్రంలో ‘గది ఉష్ణోగ్రత’ అంటే 20 నుంచి 25 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఏసీ లేని గది 35 దాటుతుంది. ఆ వేడిలో ఎలీసా నడిపితే రంగు తొందరగా ముదురుతుంది, ప్లేటు అంచు గుంతలు ఆవిరై మధ్య గుంతలతో పొంతన తప్పుతాయి. ఏసీ గదిలోనో, ఉష్ణోగ్రత నిలిపే ఇంక్యుబేటర్‌లోనో, ప్లేటుకు సీలు వేసి పనిచేయాలి. కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్, ఫ్రీజర్ తలుపు తెరవకూడదు. స్టెబిలైజరు, జనరేటరు ఉన్న చోటే నిల్వ పెట్టుకోవాలి.

ఆదోని నుంచి కర్నూలు దాదాపు 100 కిలోమీటర్లు, అక్కడి నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్లకు పైనే. నమూనాలను గడ్డకట్టిన స్థితిలో పంపాలంటే మైనస్ 78 డిగ్రీల డ్రై ఐస్ కావాలి. యాంటీబాడీ సీసాలకు మాత్రం జెల్ ప్యాకులు చాలు. డ్రై ఐస్ పక్కన పెడితే గడ్డకట్టకూడనివి గడ్డకడతాయి. వేడెక్కి చేరిన సీసాను వెంటనే పారేయనవసరం లేదు, నేరుగా నమ్మనూ కూడదు. తెలిసిన నమూనాతో పరీక్షించి, సంకేతం పాత స్థాయిలోనే ఉంటే వాడవచ్చు.

ఈ క్రమశిక్షణ మన ప్రాంతానికి కొత్తది కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో టీకాల ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్ ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు రాసే సిబ్బంది ఉన్నారు. ఐస్ ప్యాకును కదిలించి లోపల నీళ్ల చప్పుడు విన్నాకే టీకా పెట్టెలో పెట్టే ఏఎన్‌ఎం అక్కలు ఉన్నారు. గడ్డకడితే పెంటావాలెంట్ టీకా పాడవుతుందని వారికి తెలుసు. పొడిచేసిన పాము విషపు విరుగుడు ద్రవరూపంలోని దానికంటే వేడికి తట్టుకుంటుందనీ తెలుసు. ఆ విరుగుడు కూడా గుర్రాల నుంచి తీసిన యాంటీబాడీయే. అయితే టీకాల ఐఎల్‌ఆర్‌లో పరిశోధన సీసాలు పెట్టకూడదు, అది టీకాలకే. తీసుకోవాల్సింది వారి పెట్టెను కాదు, వారి అలవాటును.

జీవశాస్త్రం చదివే ఆదోని, ఎమ్మిగనూరు విద్యార్థులు పెద్ద యంత్రాలు లేవని వెనకడుగు వేయనవసరం లేదు. మైక్రోపిపెట్‌ను సరిగా పట్టడం, గొట్టం మీద తేదీ రాయడం, ఉష్ణోగ్రత పుస్తకం నింపడం, తోడు పరీక్ష లేకుండా ఏ అంకెనూ నమ్మకపోవడం ఏ కళాశాలలోనైనా నేర్చుకోగలిగినవే. వాటిని నేర్చుకున్న చేతులు కర్నూలులోనో హైదరాబాదులోనో మెంఫిస్‌లోనో ఏ బల్ల ముందు నిలబడ్డా నమ్మదగిన ఫలితం ఇస్తాయి. కళాశాలలు ఈ పద్ధతులను ప్రాక్టికల్స్‌లో చేర్చాలి, పత్తి మిల్లుల కూలీల ఊపిరి గురించి అడిగే తొలి ప్రశ్నలు ఈ ప్రాంతపు విద్యార్థుల నుంచే రావాలి.